ఎర్ర చిలకల చద్దరు

"ఎట్లుంది?" అన్నాడు సిద్ధరాములు, చద్దరును రెండు చేతులతో తలకంటే ఎత్తుగా పట్టుకొని.

ఇంట్లో ముగ్గురున్నారు. మూడు నోళ్ళున్నాయి. ఒక్కటీ పెగల్లేదు.

"అరే, మిమ్మల్నే! ఎట్లొచ్చిందంటే చెప్పరేంది? డాక్టర్ మేడమ్‌కు నచ్చుతదా, నచ్చదా?"

అరవై ఏళ్ళ మనిషి ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగిపోతోంది. పొద్దున ఐదింటికే మరమగ్గం ముందు నిలబడ్డవాడు, తొమ్మిదింటికి చద్దరు కోసుకొని వెనక షెడ్డులోంచి ముందుగదిలోకి పరుగులాంటి నడకతో వచ్చాడు. పరుగులాంటి నడక! పది నెలల కిందట ఇదే మనిషి ఆ ఎనిమిది అడుగులూ వెయ్యడానికి గోడ పట్టుకొని రెండుసార్లు ఆగేవాడు.

భార్య బాలమణి ఒళ్ళో బీడీల చాట ఉంది. ఆకు చుట్టబోయిన వేళ్ళు చుట్టకుండానే ఆగిపోయాయి. కొడుకు అమోల్ పొద్దుటి నుంచీ ఫోన్‌లోంచి తల ఎత్తనివాడు, ఎత్తాడు. కోడలు సోనాలి చాయ్ గ్లాసు పట్టుకొని గుమ్మంలోనే నిలబడిపోయింది.

చద్దరు తెల్లటి నేల మీద రెండు చిలకలు ఎదురెదురుగా కూర్చొని దొండపండు కొరుకుతున్నాయి. ఆ నమూనా సిద్ధరాములు సొంతం. నీలం నగర్‌లో ఇంకెవరి మగ్గం మీదా అంత చక్కటి చిలక దిగదని పేరు. చిలకలు ఆకుపచ్చగా ఉండాలి, ముక్కూ పండూ ఎర్రగా ఉండాలి. ఈ చద్దరులో చిలకలు ఎర్రగా ఉన్నాయి. ముక్కులు ఆకుపచ్చగా ఉన్నాయి. పండు పచ్చగా, దాని పక్కనున్న ఆకు ఎర్రగా ఉంది.

సరిగ్గా అప్పుడే పక్కింటి పెంటయ్య, కాగితం పొట్లంలో పేఢాలు పట్టుకొని ఊడిపడ్డాడు. కఫం రిపోర్టు రాకముందే నోరు తీపి చేసుకొనే రకం అతను.

"ఏమన్నా, వచ్చిందా ఖబర్... ఓరి వీని! ఇదేందే? చిలకలకు ఎండదెబ్బ కొట్టిందా? ఒళ్ళంతా ఎరుపు, ముక్కు పచ్చ! ముప్పై తొమ్మిదేండ్ల సంది నేస్తున్నవ్, గిసువంటి చిలకను యాడ చూసినవన్నా?"

పకపకా నవ్వాడు. తనతో పాటు ఎవరూ నవ్వడం లేదని సగంలో తెలిసింది. నవ్వు మింగి, పేఢాల పొట్లం కిటికీలో పెట్టాడు.

సిద్ధరాములు చేతులు మెల్లగా కిందికి దిగాయి. చద్దరును కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తరవాత గొంతు సవరించుకొని, "కావాల్ననే ఏసిన," అన్నాడు. "కొత్త డిజైన్."

"కావాల్ననా? కాయ్ హే బాపూ, ఏందిది!" అమోల్ లేచాడు. "నీ పానం నిలబెట్టిన మనిషికి ఎర్ర చిలకలిస్తవా? నిన్న దారం కండెలు సర్దిందెవరు? సోనాలీ, నువ్వేనా?"

"నేనే." సోనాలి గ్లాసు కింద పెట్టింది. తను తువ్వాళ్ళు కుట్టే కార్ఖానాకు నిన్న సెలవు. మేడమ్ చద్దరు దిగబోతోందని షెడ్డంతా తానే ఊడ్చి, తుడిచి పెట్టింది. "సర్ది పెట్టిన. ఎరుపు కండెలు ఒక గంపల, పచ్చ కండెలు ఒక గంపల. ఒక్కటి గూడ కలవలే. నా మీదికెందుకు లేస్తున్నవ్?"

"గంపల మాట కాదే!" బాలమణి గొంతు ఒక్కసారిగా లేచింది. "కండెల కొసకు ముడులుండె గదా. అవి ఏం చేసినవ్?"

"కోసేసిన."

"కోసేసినవా!"

చాట ఒళ్ళోంచి జారింది. తంబాకు నేలంతా చిమ్మింది. దాన్నెవరూ చూడలేదు.

"కోస్తే ఏమైంది అత్తమ్మా? కొసకు ముడి ఉంటే మగ్గంల ఉరికే నాడె కంట్లకెల్లి దారం ఎట్ల వస్తది? కండెకు ముడి ఉంచితే మా నాయిన చెయ్యిరగ్గొట్టేటోడు. నేను సాలోల్ల పిల్లనే. పిచ్చిగ ఎవరు కట్టిన్రో అనుకొని కత్తెర పట్టుకొని కూసున్న, ఒక్కొక్కటి సాపు చేసిన. మెచ్చుకుంటరనుకున్న!"

"మెచ్చుకోవాల్నా? నీ చేతులిరగ, నిన్నెవరు చెయ్యమన్నరే?"

పెళ్ళయి వచ్చిన ఆరేళ్ళలో అత్త నోటి నుంచి అంత మాట సోనాలి వినలేదు. ఏడుపూ కోపమూ కలిసి ముక్కుపుటాలు అదిరాయి. నాలుగు మాటలు తిరగెయ్యడానికి నోరు తెరిచింది కూడా. కానీ తెరిచిన నోటిలోంచి వేరే మాట వచ్చింది.

"ఎరుపు కండెలకు ఒక్క ముడి," అంది మెల్లగా. "పచ్చ వాటికి రెండు. అన్నిటికీ అట్లనే ఉండె. పిచ్చిగ కట్టినట్టు లేదు అత్తమ్మా. ఎవరు కట్టిన్రు? ఎందుకు?"

బాలమణి వంగి తంబాకు ఎత్తడం మొదలుపెట్టింది, అదే ప్రపంచంలోకెల్లా ముఖ్యమైన పని అయినట్టు.

సోనాలి విసవిసా షెడ్డులోకి వెళ్ళి రెండు కండెలు పట్టుకొచ్చింది. మామ ముందు నిలబడి రెండూ చాపింది.

"మామా, ఎరుపేది?"

"ఏందే, చిన్నపోరన్ని అడిగినట్టు అడుగుతవ్?"

"చెప్పు మామా."

సిద్ధరాములు కళ్ళు సోనాలి ముఖం మీదే ఉన్నాయి. చేతివేళ్ళు కండెల వైపు వెళ్ళాయి. ఒకదాని కొస పట్టుకొని దారం చివరి దాకా తడిమాయి. ముడి లేదు. రెండోదాని కొస తడిమాయి. అక్కడా లేదు. ముసలివేళ్ళు మళ్ళీ మొదటి కండె దగ్గరికి వచ్చి, వెతికిందే వెతికాయి.

"గిది," అన్నాడు చివరికి.

అది ఆకుపచ్చ కండె.

పెంటయ్య నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

మూడు గోలీలు. ఊపిరితిత్తుల జబ్బుకు పది నెలలుగా రోజూ పొద్దున తొమ్మిదిన్నరకు మూడు రకాల గోలీలు. మొదటి రోజే డాక్టర్ ఆరతి మేడమ్ ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చెప్పింది. "ఇండ్ల ఎథాంబుటాల్ అనేది ఉన్నది. కొందరికి కంటికి పడదు. ఎరుపూ పచ్చా తేడా తెలియకపోయినా, చూపు మసకేసినా, ఆ రోజే ఆ గోలీ ఆపి నా దగ్గరికి ఉరికి రావాలె. రేపు అనొద్దు." ఆ మాట సోనాలే ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టింది.

"గట్లెట్ల?" అమోల్‌కు ఇంకా నమ్మబుద్ధి కాలేదు. "నెలనెలా కంటి దవాఖానకు తోల్కపోతున్న గదా! మొన్న గూడ రంగుల్ల అంకెలు దాచిన చుక్కల పుస్తకం చూపించిన్రు. అన్నీ కరెక్ట్ చెప్పినవ్. సబ్ ఠీక్ అని రాసిచ్చిన్రు!"

సిద్ధరాములు ముఖంలో సిగ్గుతో పాటు రవ్వంత గర్వం కూడా కనపడింది. చెప్పకుండా ఉండలేకపోయాడు పాపం.

"ప్రతి నెలా అదే పుస్తకం బిడ్డా. మొదటి పేజీల పన్నెండు, ఎనకాల ఎనిమిది, దాని ఎనకాల ఇరవై తొమ్మిది... ఒక్కసారి చూసిన నమూనా మరిచిపోతనా నేను? మొదట్ల కంటితోనే చూసి చెప్పిన. ఎనకాల యాదితోని చెప్పిన."

"వారెవ్వా అన్నా!" అనేశాడు పెంటయ్య, ఆపుకోలేక.

"నీ వారెవ్వల మన్ను పడ!" అని బాలమణి అతని మీద గయ్యిమంది. "అంతా మునిగినంక మెచ్చుకుంటున్నవా?"

ఆ క్షణంలోనే అమోల్ చేతిలో ఫోన్ టింగుమంది.

కఫం ఇచ్చి ఆరు వారాలయింది. ఊపిరితిత్తుల్లోని ఈ పురుగు ల్యాబు సీసాలో మొలకెత్తుతుందో లేదో తేలడానికి అన్నాళ్ళు పడుతుంది. ఇవాళ వస్తుందని మూడు రోజుల నుంచి ఇంట్లో ఎవరికీ తిండి సయించడం లేదు. అమోల్ వేలు తెర మీద రెండుసార్లు తప్పు చోట నొక్కింది.

"నెగెటివ్," అన్నాడు. తరవాత అరిచాడు. "నెగెటివ్! బాపూ, నెగెటివ్! ఆరోసారి! వరుసగ ఆరోసారి!"

ఇంకేముంది! పెంటయ్య కిటికీలోని పొట్లం అందుకొని పేఢా తెచ్చి సిద్ధరాములు నోట్లో కుక్కాడు. అమోల్ తండ్రిని నడుం పట్టుకొని ఎత్తేశాడు. బాలమణి నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఊగిపోతోంది. సోనాలి చేతిలో ఎరుపు కండె, పచ్చ కండె అలాగే ఉన్నాయి. అవి పట్టుకొనే ఎగిరింది.

ఎగరరా మరి? నాలుగేళ్ళు టీబీ టీబీ అని రెండుసార్లు టీబీ మందులు మింగించారు. నాలుగేళ్ళు ఆ మనిషికి వేరే కంచం, వేరే చెంబు. ఆరతి మేడమ్ వచ్చాకనే కఫం పెద్ద ల్యాబుకు పంపి అసలు సంగతి తేల్చింది. "ఇది టీబీ కాదు, టీబీకి దాయాది. నీళ్ళల్ల, మట్టిల ఉంటది. మనిషి నుంచి మనిషికి అంటుకునేది కాదు. దీని మందులు వేరే," అంది. ఆ సాయంత్రమే బాలమణి ఆ వేరే కంచం తీసుకెళ్ళి పాత సామాన్లవాడి బండిలో విసిరి కొట్టింది. ఆ చప్పుడు వీధంతా వినపడింది.

దాయాది కనుక మొండిది. కఫం శుభ్రపడ్డ నాటి నుంచి ఇంకో ఏడాది మందులు ఆపకూడదు. ఆరు నెలలు గడిచాయి. ఆరు నెలలు మిగిలాయి.

"తే బిడ్డా," అని సిద్ధరాములు చెయ్యి చాపాడు, మీసం మీది పేఢా తుడుచుకుంటూ. "తొమ్మిదిన్నర అయింది. గోలీలు తే."



సోనాలి గోలీల డబ్బా తీసి, రెండు చేతులతో వెనక్కి పట్టుకుంది. "ఇయ్య."

"ఏందే?"

"ఆ ఎథాంబుటాల్ నీ నోట్లకు పోదు మామా. నేను ఇయ్య."

"రిపోర్టు చూడలేదా? మందు పని చేస్తున్నది! ఇంక ఆర్నెల్లు. ఆర్నెల్లు కండ్లు ఎట్లుంటే ఏంది? ఎరుపో పచ్చో, నాకు రెండూ మట్టి రంగే కొడుతున్నయి, కొట్టనీ. మీ అత్త ముడులేస్తది, నేను నేస్త. నడుమల ఆపితే లెక్క మొదటికొస్తది. ఆరు నెలల కష్టం మట్టిల పోతది. మళ్ళ గోడ పట్టుకొని నడవమంటవా నన్ను? మళ్ళ పొద్దంతా దగ్గి దగ్గి నెత్తురు కక్కమంటవా?"

ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్న భయం అదే. అందుకే చుక్కల పుస్తకం ముందు అబద్ధం చెప్పాడు. అందుకే నిన్నటిదాకా దారాల కొసలు తడుముకుంటూ బతికాడు. ఇవాళ కొసలకు ముడులు లేకపోయేసరికి, ఎప్పటిలాగే ఎడమ గంప ఎరుపు, కుడి గంప పచ్చ అనుకొని కండెలు ఎక్కించాడు. సోనాలి ఊడ్చేటప్పుడు గంపలు అటూ ఇటూ మార్చిందని అతనికేం తెలుసు?

"పడుగుల ఒక్క పోగు తెగితే పడుగంతా కోసి పారేస్తవా మామా?" సోనాలి కూడా ఏడుస్తోంది, కానీ మాట తొణకలేదు. "అతికి నేస్తవా, లేదా? గోలీకి బదులు ఇంకో గోలీ ఉంటది. కంటికి బదులు ఏముంటది చెప్పు?"

సిద్ధరాములు కొడుకు వైపు చూశాడు. అమోల్ అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకొని ఉన్నాడు. రెండు ముక్కల్లో చెప్పేశాడు. ఆరతి మేడమ్ గొంతు గది మొత్తానికి వినపడింది.

"ఆ ఒక్క గోలీ ముట్టనియ్యకుండ్రి. ఉన్నపళంగ తోల్కరండి. ఇప్పుడే!"

ఆటో కోసం పెంటయ్య రోడ్డు మీదికి పరుగెత్తాడు. మంచి రోజని బాలమణి నిన్ననే పెట్టె అడుగు నుంచి తీసి పెట్టుకున్న కొత్త చీర, హడావిడిలో కుచ్చిళ్ళు నిలవక, ఎలాగో చుట్టుకుంది. సోనాలి చద్దరు మడత పెడుతోంది.

"అది కాదే, అది ఇంట్ల ఉండనీ," అన్నాడు సిద్ధరాములు. "మేడమ్‌కు ఇంకోటి నేసిస్త."

"ఇదే తీస్కపోదాం. నువ్వు అబద్ధం చెప్పినా ఇది చెప్పదు."

ఆటో అక్కల్‌కోట్ రోడ్డు మీద దుమ్ము లేపుకుంటూ పోయింది. అశోక్ చౌక్ దగ్గర సిగ్నల్ పడింది. బాలమణి భర్త ముఖం వైపే చూస్తోంది.

"ఎర్రది పడ్డది," అన్నాడతను.

"కనిపిస్తున్నదా?" ఆమె ముఖం వికసించింది.

"పైనుండేది ఎరుపే గదనే," అన్నాడు.

ఆరతి పరాయిదేం కాదు. ఈ అశోక్ చౌక్ సందులోనే బీడీలు చుట్టి చదివించిన తల్లికి కూతురు. సిద్ధరాములును కాకా అని పిలుస్తుంది. దవాఖానలో రిపోర్టు చూడగానే కుర్చీలోంచి లేచి అతని రెండు చేతులూ పట్టుకొని ఊపింది. "ఆరు సార్లు కాకా! నువ్వు గెలిచినవ్!" సోనాలి చద్దరు విప్పి బల్ల మీద పరిచింది. ఎర్ర చిలకలను చూస్తూ చూస్తూ ఆరతి చిరునవ్వు మాయమయింది.

ఆమె దగ్గర కూడా చుక్కల పుస్తకం ఉంది. మధ్యలో ఎక్కడో తెరిచి పెట్టింది. "ఎంత కాకా?"

సిద్ధరాములు చాలాసేపు చూశాడు. "పన్నెండా?"

ఇంకో పేజీ. ఇంకో పేజీ. ఈసారి అతను తల అడ్డంగా ఊపాడు.

ఆరతి పుస్తకం మూసింది. కోపం వచ్చిందని ముఖం చూస్తేనే తెలుస్తోంది. గొంతు మాత్రం తగ్గించే మాట్లాడింది.

"లెక్క మొదటికొస్తదని ఎవరు చెప్పిన్రు నీకు? ఆ ఒక్క గోలీ తీసేసి దాని జాగల ఇంకోటి పెడ్త. మందులు ఆగయి. నీ ఆరు నెలలు నీకే ఉన్నయి. ఒక్క రోజు గూడ పోలేదు. ఒక్క ఫోన్ చేస్తే అయిపోతుండె గదా కాకా!"

సిద్ధరాములు బల్ల అంచు పట్టుకున్నాడు. దాచిందంతా ఉత్త పుణ్యానికే దాచాడని తెలిసి, కళ్ళు చద్దరు మీదికి వాలిపోయాయి. ఊపిరి పోతుందనుకొని చూపును పణం పెట్టాడు. అసలు ఏ పణమూ పెట్టనక్కరలేదట.

"మరి కండ్లు?" అమోల్ అడిగాడు. "తిరిగొస్తయా మేడమ్?"

"తొందరగ పట్టుకుంటే చానామందికి మెల్లమెల్లగ వస్తది. నెలలు పడ్తది. ఎంత ఆలస్యమైతే అంత కష్టం. అందరికీ పూర్తిగ రాదు, అబద్ధం చెప్ప." పెన్ను తీసింది. "అందుకే సరిగ్గ చెప్పు కాకా. ఎన్నొద్దులాయె?"

"పదిహేనొద్దులు," అన్నాడు సిద్ధరాములు వెంటనే.

ఆరతి ముఖం కొంచెం తేలికపడింది. పదిహేను అని రాసింది.

"కొట్టెయ్యి బిడ్డా," అంది బాలమణి.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె నేలను చూస్తూ నిలబడి ఉంది.

"పదిహేను కాదు. మార్కండేయ రథం నాడు... రథం ముందల జెండాలు చూసి, ఈసారి అన్నీ ఒక్క రంగే కట్టిన్రేందే అన్నడు. నేను నవ్విన. తెల్లారి మగ్గం మీద ఎరుపుకు పచ్చ ఎక్కించవోతుంటే చెయ్యి పట్టుకున్న. ఆ పొద్దటి సందే ముడులు కట్టిన. అడగనన్న అడగలే. దగ్గు ఇనవడకుంటే చాలనుకున్న బిడ్డా, గంతే అనుకున్న."

మార్కండేయ రథం రాఖీ పున్నమికి కదిలింది. ఇప్పుడు దీపావళికి పది రోజులు కూడా లేవు. ఆరతి గోడ మీది క్యాలెండర్ వైపు చూసింది. పెన్ను తిప్పి పదిహేనును అడ్డంగా కొట్టేసింది. పక్కన ఏమీ రాయకుండానే లేచి నిలబడింది.

"అమోల్, ఆటో పోయిందా, ఉన్నదా? కంటి డాక్టర్‌కు నేనే ఫోన్ చేస్త. సీదా అక్కడికే పోండ్రి."

అమోల్ బయటికి పరుగెత్తాడు. సోనాలి ఫైలు అందుకుంది. సిద్ధరాములు మాత్రం కదల్లేదు. రెండు నెలలకు పైగా ఒక్క మాట అనకుండా, రోజూ కొసకొసకూ ముడులు కడుతూ తన పక్కన కూర్చున్న మనిషిని కొత్తగా చూస్తున్నట్టు చూస్తున్నాడు.

"బాలమణీ," అన్నాడు. "కొత్త చీర కట్టినవ్ గదనే. ఏం రంగది?"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. అతని మోచెయ్యి పట్టుకొని గుమ్మం వైపు లాగింది.

"నేను చెప్ప," అంది. "నువ్వే చూసి చెప్పాలె."